చూరు కింద జానెడు చోటు

'పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం' అన్నది తెలుగువారందరికీ తెలిసిన సామెత. అల్పజీవి మీద అంత పెద్ద ఆయుధం ఎందుకని దాని భావం. నిజానికి పిచ్చుకను మన వాకిళ్ళ నుంచి వెళ్ళగొట్టటానికి ఏ అస్త్రమూ అవసరం కాలేదు. చూరు మూసేశాం. కళ్ళం ఎత్తేశాం. పెరటి మట్టి మీద సిమెంటు పోశాం. అంతటితోనే అది తప్పుకుంది. ఎవరితోనూ పేచీ పెట్టుకోలేదు, ఎవరికీ చెప్పి వెళ్ళలేదు. పొద్దున్నే కిచకిచలు వినిపించటం లేదని మనం గమనించేసరికే చాలా ఏళ్ళు గడిచిపోయాయి.

అయితే ఇది ముగిసిపోయిన కథ కాదు. చూరుకు వరి కుచ్చు కట్టి, గోడకు ఓ గూడు తగిలించి, మూకుడులో నీళ్ళు పెట్టిన ఇళ్ళకు పిచ్చుకలు మళ్ళీ వస్తున్నాయి. పెరిగే పట్టణం పిచ్చుకకు శత్రువు కావాలన్న నియమమేమీ లేదు. అవి ఎందుకు వెళ్ళాయో, ఎలా వస్తాయో సరిగా తెలుసుకుంటే మిగిలిన పని కష్టమైనది కాదు. కోనసీమ వాసులకైతే మరీ తేలిక.

మనిషి వెంట నడిచిన పక్షి

ఊరపిచ్చుక అడవి పక్షే. కానీ అడవిలో కాపురం ఉండదు. మనిషి గింజలు పండించి నిల్వ చేసుకోవటం మొదలుపెట్టిన నాటి నుంచీ అది అతని వెంటే ఉంది. పశ్చిమాసియాలో తొలి పంటలు పండించిన ఊళ్ళ నుంచి మనిషితో పాటు ఖండాలు దాటింది. దాని బరువు 30 గ్రాములకు కాస్త అటూ ఇటూ. మగపిచ్చుకకు తలమీద బూడిదరంగు, గొంతు కింద నల్లని మచ్చ ఉంటాయి. ఆడపిచ్చుక మట్టిరంగులో సాదాగా ఉంటుంది. ఒక్కో కాన్పుకు మూడు నుంచి అయిదు గుడ్లు పెడుతుంది. సుమారు 12 రోజులు పొదుగుతుంది. పిల్లలు మరో రెండు వారాల్లో గూడు విడుస్తాయి. ఏడాదిలో రెండు మూడుసార్లు పిల్లల్ని లేవదీయగలదు. అంటే అనుకూలమైన చోటు దొరికితే దాని సంతతి త్వరగానే పెరుగుతుంది. నిరాశపడనక్కర్లేదని చెప్పటానికి ఈ ఒక్క సంగతి చాలు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల నీటితో ఈ లంకల సీమలో వరి విస్తరించింది. సార్వా, దాళ్వా రెండు పంటల గింజ, పెంకుటిళ్ళ చూర్లు, పెరట్లో కొబ్బరిచెట్లు, కాలువ గట్ల మీద గడ్డీగాదం... చిన్న పక్షులకు ఇంతకన్నా ఏం కావాలి? పిచ్చుక ఒక్కటే కాదు. కొబ్బరి ఆకుల చివర గిజిగాడు గూళ్ళు వేలాడేవి. వరిచేల మీద జీనువాయిలు గుంపులుగా వాలేవి. మందార కొమ్మన తేనెపిట్ట తలకిందులుగా వేలాడి తేనె తాగేది.

మూడు తలుపులు మూతపడ్డాయి

పిచ్చుక దూరం కావటానికి మొదటి కారణం ఇల్లు. కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్ళి, ఎండకు మాడి, కన్నవారికి దూరంగా ఏళ్ళు గడిపి సంపాదించిన డబ్బుతో కట్టుకున్న డాబా ఇళ్ళు అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో ఎన్నో కనిపిస్తాయి. అందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. పెంకుటిల్లు వానకు కారుతుంది. తాటాకిల్లు నిప్పురవ్వకు భయపడుతుంది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను చూసినవారు ఎవరూ స్లాబు ఇల్లు వద్దనరు. కానీ పాత ఇంట్లో వాసానికీ గోడకూ మధ్య సందు ఉండేది. దూలం మీద చోటు ఉండేది. గోడకు వాలుగా తగిలించిన ఫోటోపటం వెనుక పిచ్చుక కాపురం పెట్టేది. కొత్త ఇంటి గోడలు నున్నగా ఉన్నాయి. కిటికీలకు అద్దాలు, దోమల జాలీలు వచ్చాయి. పక్షి పిడికెడు గడ్డి పెట్టుకునే సందు మిగల్లేదు.

రెండో కారణం గింజ. ఒకప్పుడు కోత కోసి, పనలు ఆరబెట్టి, కుప్ప వేసి, కళ్ళంలో నూర్చి, తూర్పారబట్టి ఇంటికి తెచ్చేలోగా రాలిన గింజలు పక్షులకు నెలల తరబడి సరిపోయేవి. ఇప్పుడు కోత యంత్రం చేలోనే కోసి, నూర్చి, ధాన్యాన్ని బస్తాలకు ఎత్తుతోంది. కిరాణా కొట్టులో గోనెసంచి మూతి విప్పి బియ్యం కొలిచే రోజులు పోయాయి. అన్నీ ప్లాస్టిక్ సంచుల్లో సీలు వేసి వస్తున్నాయి. వాకిట్లో కూర్చుని చేటతో బియ్యం చెరిగే అమ్మమ్మలు, నానమ్మలు కూడా అరుదైపోయారు. ఆ చేట నుంచి ఎగిరిపడే నూకలే పిచ్చుకకు పొద్దుటి భోజనం.

మూడో కారణాన్ని చాలామంది గుర్తించరు. అది పురుగు. పెద్ద పిచ్చుక గింజలు తిని బతుకుతుంది గానీ, గుడ్డు నుంచి బయటపడిన పిల్లకు మొదటి రోజుల్లో మెత్తని పురుగులే కావాలి. గొంగళిపురుగులు, పేనుబంక, చిన్న చిన్న ఈగలు దాని పాలబువ్వ. ఇంగ్లండులోని లెస్టర్ నగరంలో పిచ్చుక గూళ్ళను పరిశీలించిన పరిశోధకులు ఈ సంగతినే గమనించారు. పురుగులు చాలినంత దొరకని చోట పిల్లలు గూటిలోనే చనిపోతున్నాయి. పెరట్లో పాదులు, పొదలు తీసేసి గచ్చు చేసినా, ప్రతి చిన్న పురుగుకూ మందు కొట్టినా తల్లి పిచ్చుక నోట పురుగు ఉండదు. మనం డాబా మీద గింజలు ఎంత చల్లినా ఆ లోటు తీరదు.

సెల్ టవర్ల వల్లే పిచ్చుకలు చచ్చిపోయాయన్న మాట ఊరూరా వినిపిస్తుంది. దానికి గట్టి రుజువు దొరకలేదు. ఇది గుర్తుంచుకోవటం మంచిది. ఎందుకంటే తప్పంతా టవరు మీద వేసేస్తే మన చేతిలో చెయ్యటానికి ఏమీ మిగలదు. చూరు, గింజ, పురుగు మాత్రం మన ఇంటి సంగతులే.

లెక్కలు చెబుతున్నదేమిటి?

2020 ఫిబ్రవరిలో 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' అనే నివేదిక వెలువడింది. దేశవ్యాప్తంగా 15 వేల మందికి పైగా పక్షి పరిశీలకులు నమోదు చేసిన కోటికి పైగా పరిశీలనల ఆధారంగా దాన్ని తయారు చేశారు. పిచ్చుక గురించి అందులో తేలిన విషయం చాలామందిని ఆశ్చర్యపరిచింది. దేశం మొత్తం మీద చూస్తే అప్పటికి 25 ఏళ్ళుగా పిచ్చుకల సంఖ్య ఇంచుమించు నిలకడగానే ఉంది. తగ్గింది మహానగరాల్లో. బెంగుళూరు, చెన్నై, ఢిల్లీ, హైదరాబాద్, కోల్‌కతా, ముంబయి నగరాల్లో అవి క్రమంగా తగ్గుతూ వచ్చాయి.

దీన్ని కోనసీమకు అన్వయించి చూడండి. మన పట్టణాలు ఇంకా హైదరాబాద్ కాలేదు. 2011 జనాభా లెక్కల్లో అమలాపురం జనాభా 53 వేల పైచిలుకు. కానీ 2022 ఏప్రిల్ 4న అది కొత్త జిల్లాకు కేంద్రమైంది. కొత్తపేట రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. కార్యాలయాలు, అపార్టుమెంట్లు, దుకాణాల సముదాయాలు, లేఅవుట్లు వస్తాయి, రావాలి కూడా. గడియార స్తంభం సెంటరు చుట్టూ ఉన్న పాత వీధుల్లో ఒక్కో పెంకుటిల్లూ స్లాబు ఇల్లు అవుతుంది. మహానగరాలకు జరిగిందే మనకూ జరుగుతుందా, లేక మనం ముందే మేలుకుంటామా అన్నది రాబోయే కొద్ది సంవత్సరాల్లో తేలిపోతుంది.

ఇక్కడ పిచ్చుక స్వభావం ఒకటి తెలుసుకోవాలి. మన పిల్లలు కొలువుల కోసం సముద్రాలు దాటి వెళ్ళి మళ్ళీ సెలవులకు వస్తారు. పిచ్చుక అలా కాదు. పుట్టిన చోటికి ఒకటి రెండు కిలోమీటర్ల లోపే సాధారణంగా దాని జీవితమంతా గడిచిపోతుంది. అది గుంపులో బతికే పక్షి. నాలుగైదు జంటలు దగ్గర దగ్గరగా గూళ్ళు పెట్టుకుంటేనే దానికి ధైర్యం. కాబట్టి పిచ్చుకలు తిరిగి రావటం అంటే ఎక్కడో దూరదేశం నుంచి ఎగిరి రావటం కాదు. పక్క వీధిలోనో, పక్క ఊళ్ళోనో మిగిలిన గుంపు పెరిగి, మన వీధి దాకా విస్తరించటం. ఆ ఆఖరి గుంపు కూడా పోయిన పేటలో ఎన్ని గూళ్ళు కట్టినా ఖాళీగానే ఉండిపోవచ్చు. అందువల్ల ఉన్న గుంపును కాపాడటం, పోయిన దాన్ని రప్పించటం కంటే ముందు చెయ్యవలసిన పని. కోనసీమలో ఆ అవకాశం ఇంకా చెయ్యి దాటిపోలేదు.

పోగొట్టుకున్నవారు నేర్చిన పాఠం

1958లో చైనా ప్రభుత్వం ఎలుక, ఈగ, దోమలతో పాటు పిచ్చుకను కూడా దేశానికి శత్రువుగా ప్రకటించింది. గింజలు తింటోందన్నది నేరం. జనం వీధుల్లోకి వచ్చి పళ్ళేలు, డబ్బాలు మోగించి, వాలనివ్వకుండా తరిమి తరిమి లెక్కలేనన్ని పిచ్చుకల్ని చంపారు. తర్వాత పంటల మీద మిడతలు, పురుగులు విరుచుకుపడ్డాయి. ఆ దేశాన్ని కుదిపేసిన కరువుకు ఇతర కారణాలు చాలా ఉన్నా, పిచ్చుకల్ని చంపటం ఆ కష్టాన్ని పెంచింది. 1960లో పిచ్చుక పేరు జాబితా నుంచి తీసేసి దాని స్థానంలో నల్లిని చేర్చారు. గింజ తినే పక్షే పురుగునూ తింటుందని తెలియటానికి అంత మూల్యం చెల్లించవలసి వచ్చింది.

బ్రిటన్‌లో ఇళ్ళ తోటల్లో పక్షుల్ని ప్రజలే ఏటా లెక్కిస్తారు. 1979 నుంచి చూస్తే అక్కడ పిచ్చుకలు సగానికి పైగా తగ్గిపోయాయి. జనం పట్టించుకోవటం మొదలుపెట్టాక 2009 నుంచి 2019 వరకు పదేళ్ళలో కొంత కోలుకుని సుమారు 10 శాతం పెరిగాయి. ఆ దేశంలోని బ్రైటన్ నగరం 2020 నుంచి అయిదు మీటర్లకు మించి ఎత్తున్న కొత్త కట్టడాల్లో పక్షులకు గూడుగా పనికివచ్చే బోలు ఇటుకలు పెట్టాలని షరతు విధిస్తోంది. స్విఫ్ట్ అనే చిన్న పక్షి కోసం తయారైన ఆ ఇటుకల్లో పిచ్చుకలు కూడా చేరుతున్నాయి.

మన దేశంలో ఈ విషయాన్ని జనంలోకి తీసుకెళ్ళినవారిలో నాసిక్‌కు చెందిన మహమ్మద్ దిలావర్ ముఖ్యులు. ఆయన స్థాపించిన నేచర్ ఫరెవర్ సొసైటీ చొరవతోనే 2010 నుంచి ఏటా మార్చి 20న ప్రపంచ పిచ్చుకల దినం జరుపుకుంటున్నారు. 2012లో ఢిల్లీ ప్రభుత్వం పిచ్చుకను తన రాష్ట్ర పక్షిగా ప్రకటించింది.

ఒక పిచ్చుక మలుపు తిప్పిన జీవితం

పక్షుల ప్రస్తావన వచ్చినప్పుడు సలీం అలీని తలుచుకోకుండా ఉండలేం. 1896 నవంబరు 12న బొంబాయిలో పుట్టిన ఆయన పసితనంలోనే తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట పెరిగారు. చిన్నతనంలో ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టారు. దాని గొంతు కింద పసుపురంగు మచ్చ ఉంది. అదేం పక్షో తెలుసుకోమని మేనమామ ఆ కుర్రవాణ్ణి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. అక్కడి కార్యదర్శి మిల్లర్డ్ అల్మారాలు తెరిచి వందల పక్షుల నమూనాలు చూపించారు. ఆనాటి ఆసక్తే ఆయన్ని దేశం గర్వించదగిన పక్షి శాస్త్రవేత్తను చేసింది. 1976లో పద్మవిభూషణ్ వరించింది. 1985లో వెలువడిన తన ఆత్మకథకు పిచ్చుక పేరే పెట్టుకున్నారు.

కోనసీమవారికి ఆయన మరో విధంగా కూడా దగ్గరివారు. జర్మనీలో శిక్షణ పొంది వచ్చేసరికి మ్యూజియంలో ఉన్న ఉద్యోగం పోయింది. 1930లో బొంబాయి దగ్గర కిహిమ్ అనే సముద్రతీర గ్రామంలో ఉంటూ, ఇంటి దగ్గర్లోనే గూళ్ళు అల్లుతున్న గిజిగాళ్ళను రోజుల తరబడి గమనించారు. మగపక్షి గూడును సగం అల్లి ఆపుతుంది. ఆడపక్షులు వచ్చి పరీక్షించి చూస్తాయి. నచ్చిన గూటిలో ఆడపక్షి చేరాక మగది దాన్ని పూర్తిచేసి, మరో గూడు మొదలుపెడుతుంది. ఒక్క గూటికి వందలసార్లు గడ్డిపోచలు మోసుకొస్తుంది. నిరుద్యోగిగా కూర్చున్న చోటే ఆయన ఈ విషయాలు వెలికితీసి పేరు తెచ్చుకున్నారు. మరుసటి ఏడాది హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే చేపట్టారు. మన పెరటి కొబ్బరిచెట్టుకు వేలాడే గిజిగాడు గూడు పిల్లలకు అలాంటి పాఠశాలే.

ప్రవక్త (సఅసం) ఓదార్చిన చిన్నారి

పక్షులు కూడా మనలాగే సమూహాలుగా జీవించే సృష్టి అని దివ్య ఖుర్ఆన్ అన్ఆమ్ సూరాలో గుర్తుచేసింది. హజ్రత్ అనస్ (రజి) తమ్ముడు అబూ ఉమైర్ ఒక చిన్న పిట్టను పెంచుకునేవాడు. అది చనిపోతే పిల్లవాడు దిగులుపడ్డాడు. ఎన్నో బాధ్యతలు మోస్తున్న ప్రవక్త ముహమ్మద్ (సఅసం) ఆ పసివాడి దగ్గర ఆగి, నీ పిట్ట ఏమైందని పలకరించి ఓదార్చారు. మరోసారి ప్రయాణంలో సహచరులు ఒక పక్షి పిల్లల్ని గూటి నుంచి తీశారు. తల్లిపక్షి రెక్కలు కొట్టుకుంటూ వారి చుట్టూ తిరగటం చూసి, పిల్లల్ని తిరిగి ఇచ్చేయమని ఆయన ఆదేశించారు. ఒకరు నాటిన చెట్టు నుంచి, వేసిన పైరు నుంచి మనిషి గానీ, పశువు గానీ, పక్షి గానీ తింటే అది నాటినవారికి సదఖాగా నమోదవుతుందన్న హదీసు మనందరికీ తెలిసినదే.

ఈ బోధను గోడల మీద రాసి ఊరుకోకుండా గోడల్లోనే కట్టి చూపించినవారు తుర్కులు. ఇస్తాంబుల్‌లో పాత మస్జిదుల బయటి గోడలకు పిచ్చుకల వంటి చిన్న పక్షుల కోసం రాతితో చెక్కిన బుల్లి మహళ్ళు ఇప్పటికీ కనిపిస్తాయి. ఉస్కుదార్‌లో 18వ శతాబ్దంలో కట్టిన అయాజ్మా మస్జిదు వీటికి పేరుపొందింది. గుమ్మటాలు, మెట్లు, కిటికీలతో సహా చెక్కి, పిల్లులు అందుకోలేనంత ఎత్తున అమర్చారు. కట్టడం మొదలైన రోజే పక్షికి చోటు కేటాయించారన్నమాట.

మనం చెయ్యగలిగినవి

కోనసీమలో వరి కంకుల్ని అందంగా కుచ్చుగా అల్లి చూరుకు, గుమ్మానికి, గుడి మండపానికి వేలాడదీయటం పాత ఆనవాయితీ. ఇది ఏ ఒక్క మతానికో చెందింది కాదు, వరి పండించే నేలకు చెందింది. సార్వా కోతలప్పుడు రైతు దగ్గర నాలుగు పనలు అడిగి తెచ్చుకుంటే ఇంటిల్లిపాదీ కూర్చుని కుచ్చు కట్టుకోవచ్చు.

గూడు పెట్టెకు ఖరీదైన సామగ్రి అక్కర్లేదు. ఆరంగుళాల వెడల్పు, ఎనిమిది తొమ్మిది అంగుళాల ఎత్తు ఉన్న చెక్కపెట్టె చాలు. రంధ్రం అంగుళంపావు ఉండాలి. అంతకన్నా పెద్దదైతే గోరింకలు దూరి ఆక్రమిస్తాయి. ఎనిమిది పది అడుగుల ఎత్తున, ఎండ, వాన తగలని చోట, పిల్లికి అందకుండా బిగించాలి. తిరిగే సీలింగ్ ఫ్యాను దగ్గర పెట్టకూడదు. ఒక్కటి కాకుండా రెండు మూడు దగ్గర దగ్గరగా పెడితే మంచిది. పెట్టిన మర్నాడే రాలేదని తీసెయ్యకండి. అలవాటు పడటానికి నెలలు పట్టవచ్చు. గుడ్లు, పిల్లలు ఉన్నప్పుడు ముట్టుకోవద్దు.

నీటికి లోతులేని మట్టి మూకుడు వాడండి. రోజూ కడిగి నీళ్ళు మార్చాలి, లేకపోతే దోమలు చేరతాయి. పెరట్లో మంచమంత చోటు అయినా మట్టిగా వదలండి. పిచ్చుకలు దుమ్ములో పొర్లి ఒళ్ళు శుభ్రం చేసుకుంటాయి. ఒక గోరింట పొదో, మందారమో, నిమ్మచెట్టో ఉంటే దానిలో పురుగులు దొరుకుతాయి, రాత్రి తలదాచుకోటానికి చోటూ దొరుకుతుంది. గోరింట పెంచుకుంటే పండుగకు ఆడపిల్లల అరచేతులూ పండుతాయి, పిచ్చుకకూ నీడ అవుతుంది. పాదుల మీద అవసరం లేకుండా మందు కొట్టకండి. కొబ్బరికి తెల్లదోమ పట్టినప్పుడు కూడా రసాయనాల కన్నా మిత్ర కీటకాలే మేలని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఆ పద్ధతుల మీదే పనిచేస్తోంది.

కొత్త ఇల్లు కట్టుకునేవారు మేస్త్రీకి ఒక్క మాట చెబితే చాలు. సన్‌షేడ్ కింద, గోడ పైభాగాన ఒకటి రెండు ఇటుకల చోట బోలు వదిలి, ముందు చిన్న రంధ్రం ఉంచితే గోడ బలానికి లోటు రాదు. మస్జిదు, మదరసా, షాదీఖానా కట్టే కమిటీలు కూడా ఈ సంగతి ఆలోచించాలి. వజూఖానా పక్కన ఒక మూకుడు, వరండా చూరుకు ఒక కుచ్చు పెట్టటానికి తీర్మానాలు అవసరం లేదు.

ఇంకొక మాట. సంతల్లో పంజరాల్లో పెట్టి జీనువాయిలు, చిలకలు అమ్మేవారి దగ్గర పిల్లల సరదా కోసం కొనకండి. అడవి పక్షుల్ని పట్టటం, అమ్మటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పంజరంలో ఒక పక్షిని పెంచటం కన్నా, చూరు కింద పది పక్షులు వచ్చిపోయేలా చెయ్యటంలోనే ఎక్కువ ఆనందం ఉంది.

మీ వీధిలో పిచ్చుకలు ఇంకా ఉన్నాయా? ఉంటే ఏ ఇంటి చూరులో, ఏ దుకాణం షట్టరు పైన గూడు పెట్టాయో మీ పిల్లల్ని లెక్క రాయమనండి. ఆ ఇల్లు పడగొట్టి కొత్తది కట్టే ముందే పక్క గోడకు రెండు గూళ్ళు తగిలించండి. పాత చోటు పోయినా గుంపు చెదిరిపోదు. అమలాపురం ఎంత పెద్ద పట్టణమైనా కావచ్చు. దాని గోడల్లో పిచ్చుకకు జానెడు చోటు మిగిలితే చాలు.